ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బల్లిమనిషి

మామ పోయిన పదకొండో రోజు కార్యం అయ్యాక అత్త నన్ను లోపలి గదిలోకి పిలిచి, మంచం కింద ఉన్న ఇనప్పెట్టె చూపించింది. "గిది నీదే. అల్లుడొస్తే ఇయ్యాలె అని చెప్పి పోయిండు" అంది. మూత ఎత్తగానే ముందు కలరా ఉండల ఘాటు, ఆ వెనకే పాత న్యూస్‌ప్రింట్ వాసన. పైన పరిచిన ఉర్దూ పేపరు తీస్తే ఆకుపచ్చ ముఖం ఒకటి కనబడింది. తెల్ల ల్యాబ్ కోటు, ఊదా రంగు ప్యాంటు, కోటు కింద నుంచి బయటికొచ్చిన పొడుగాటి తోక. స్పైడర్‌మాన్ కామిక్స్‌లో వచ్చే లిజర్డ్. మామా నేనూ పెట్టుకున్న పేరు బల్లిమనిషి.

బయట చుట్టాలకు బంతి సాగుతోంది. నేను గచ్చు మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాను. బ్యాట్‌మాన్ మీదికి లంఘిస్తున్న కిల్లర్ క్రాక్, గాడ్జిల్లా పోస్టర్ ముక్క, నల్లమడుగు జీవి అట్ట మీద ఉన్న ఒక అమెరికన్ పత్రిక, చందమామల్లోంచి చింపి వరసగా కుట్టిన 'మకరదేవత' సీరియల్. పొలుసుల ఒళ్ళున్న వాళ్ళందరినీ మామ ఇన్నేళ్ళూ ఒక్క చోట దాచాడు. పేజీల మధ్య వేపాకు పెట్టాడు. ఒక్క పుస్తకానికీ చెద పట్టలేదు.

*

మామ వారమంతా సుల్తాన్ బజార్‌లో ఒక ప్రెస్సులో బైండింగ్ పని చేసేవాడు. ఆదివారం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచేవాడు. అప్పటికి ఆ ఆదివారం బజారు చాలా పెద్దది. దుకాణాలన్నీ మూసి ఉంటాయి కాబట్టి షట్టర్ల ముందు, మెట్ల మీద, ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలే. తెల్లారకముందే రిక్షాలో గోనె సంచులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. ముందు తాడ్‌పత్రి పరచాలి. వైద్యం, ఇంజనీరింగ్ పుస్తకాలు లోపలి వరసలో, నవలలు మధ్యలో, పత్రికలు రోడ్డు వైపు. గాలికి లేవకుండా మూలల్లో రాళ్ళు. ఈ పనంతా అయ్యేసరికి ఎదురుగా ఇరానీ హోటల్ తెరిచేవాడు. మామకూ నాకూ కలిపి ఒక చాయ్, చెరో ఉస్మానియా బిస్కెట్.

ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర, పాత కాగితాలు తూకానికి కొనే కొట్లలో మామ సరుకు పట్టేవాడు. ఆ కట్టల్లో అప్పుడప్పుడూ అమెరికన్ కామిక్స్ వచ్చేవి. అవి ఎన్ని చేతులు మారి అక్కడికి చేరేవో! అట్ట మీద సెంట్లలో అచ్చేసిన ధర, దాని పక్కన ఎవరో పిల్లవాడి పేరు, ఇంకో మూల ఏదో లైబ్రరీ ముద్ర. మామ అన్నిటినీ రూపాయికీ రెండు రూపాయలకీ ఇచ్చేసేవాడు. బల్లి, మొసలి, పాము, రాక్షసతొండ, ఇలాంటివి కనబడితే మాత్రం చటుక్కున తీసి తన కూర్చునే సంచి కింద పెట్టేవాడు. నేను పక్కకు చేరగానే, "ఇగో అల్లుడా, నీ చుట్టం దొరికిండు" అనేవాడు.

మామకు ఉర్దూ, తెలుగు వచ్చు. ఇంగ్లీషు రాదు. అందుకని చదవడం నా పని. బేరాలు సద్దుమణిగిన మధ్యాహ్నం వేళ ఒక్కో బొమ్మా చూపిస్తూ బుడగల్లో రాసింది తెలుగులో చెప్పేవాణ్ణి. తెలియని మాట వస్తే బొమ్మ చూసి అల్లేవాణ్ణి. మామ కళ్ళు చిట్లించి బొమ్మ మీదికి వంగేవాడు. చవక అచ్చు కదా, దగ్గరికి తెస్తే ఆ ఆకుపచ్చ చర్మమంతా చిన్న చిన్న చుక్కలు. పసుపు మీద నీలం చుక్కలు. వేలితో రుద్దితే రంగు వేలికి అంటేది. "పొలుసులు గీయలే, చుక్కలతోనే చేసిన్రు. ఎంత పనోళ్ళు!" అని బైండింగ్ పనివాడి కళ్ళతో మెచ్చుకునేవాడు.

*

మాకు దొరికిన బల్లిమనిషి కథ 1963లో స్పైడర్‌మాన్ ఆరో సంచికలో వచ్చినది. స్టాన్ లీ రాశాడు, స్టీవ్ డిట్కో బొమ్మలు వేశాడు. మా చేతికొచ్చింది తర్వాతెప్పుడో మళ్ళీ అచ్చయిన ప్రతి. కర్ట్ కానర్స్ అనే సర్జన్‌కు యుద్ధంలో ఒక చెయ్యి పోతుంది. ఫ్లోరిడా చిత్తడి అడవుల పక్కన ఇల్లు, భార్య మార్తా, చిన్న కొడుకు బిల్లీ. బల్లికి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది కదా, మనిషికి చెయ్యి ఎందుకు మొలవకూడదు అని మందు కనిపెట్టి తన మీదే ప్రయోగించుకుంటాడు. చెయ్యి మొలుస్తుంది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవదు, ఒంటి మీద పొలుసులు కూడా మొలుస్తాయి.

ఇది చదివినప్పుడు మామ నన్ను ఆపాడు. మా ఇంట్లో గోడ మీద బల్లులకు లెక్క లేదు. తలుపు సందులో పడి తెగిన తోక నేల మీద గిలగిల కొట్టుకోవడం ఇద్దరం చూసినవాళ్ళమే. "తోక మొలుస్తది నిజమే. మరి కాలు తెగితే మొలుస్తదారా?" అన్నాడు. నాకు తెలీదు. మర్నాడు బడిలో సైన్సు సారును అడిగితే, బల్లికి కాలు మళ్ళీ రాదు, కాళ్ళు తిరిగి పెంచుకునేది సాలమాండర్ అనే ఇంకో జీవి అన్నారు. మళ్ళీ మొలిచిన తోకలో కూడా అసలు ఎముక ఉండదట, మెత్తటి మృదులాస్థి మాత్రమే ఉంటుందట. ఆ ఆదివారం మామకు చెబితే చాలాసేపు దాని గురించే ఆలోచించాడు. "అంటే పాపం, కానర్స్ తప్పు జీవిని పట్టుకున్నడు" అన్నాడు.

మా ప్రతిలో చివరి పేజీలు లేవు. కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు, తండ్రి గోళ్ళు చాచి ఉన్నాడు, అక్కడితో చిరిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసుకునే దారి ఆ రోజుల్లో మాకు లేదు. మామ ఊరుకుంటాడా? తనే ఒక ముగింపు కట్టాడు. మార్తా పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపుకు చెయ్యి ఆగిపోతుంది. బిల్లీ వెళ్ళి ఆ గరుకు చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోతాడు. పొలుసులు పోయాయా లేదా అని నేనడిగితే, "పోతెనేంది, పోకుంటెనేంది? ఇంటికైతే పోయిండు కదా" అన్నాడు. పుస్తకాలు తిరగేసే కాలేజీ పిల్లలకు ఈ కథ ఎన్ని ఆదివారాలు చెప్పాడో! నిజానికి స్పైడర్‌మాన్ కానర్స్ సొంత నోట్సు చూసి విరుగుడు తయారుచేసి నోట్లో పోస్తాడు, కానర్స్ మళ్ళీ మనిషవుతాడు. ఇది నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. నాకిప్పటికీ మామ కట్టిందే అసలు కథ అనిపిస్తుంది.

*

కరెంటు పోయిన రాత్రుళ్ళు డాబా మీద చాపలు వేసుకుని పడుకునేవాళ్ళం. అమ్మమ్మ విసనకర్రతో విసురుకుంటూ మామ చెప్పే కథలన్నీ వినేది. బల్లిమనిషి కథ విని ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నహుషుని కథ గిదే కదరా" అంది. స్వర్గం ఏలిన రాజు అగస్త్యుడి శాపంతో కొండచిలువై అడవిలో పడి ఉండటం, భీముణ్ణి చుట్టేయడం, ధర్మరాజు వచ్చి దాని ప్రశ్నలకు జవాబులు చెప్పాక శాపం తీరడం, అంతా చెప్పింది. ఆ పాము ధర్మం గురించి, బ్రాహ్మణత్వం గురించి అడుగుతుంది చూశారా, అడిగేది లోపలి రాజు. తర్వాత గజేంద్ర మోక్షం ఎత్తుకుంది. పోతన పద్యాలు అమ్మమ్మకు నోటికొచ్చు. చదువుకోలేదు, విని పట్టింది. ఏనుగు మొరపెట్టుకునే పద్యాల దగ్గర అందరి గొంతూ జీరబోతుంది. అమ్మమ్మ మాత్రం అక్కడ ఆగి, "మరి మొసలి సంగతి ఎవరన్న అడిగిన్రా? అదీ గంధర్వుడే. హూహూ అని పేరు. దేవలుని శాపం. చక్రం తగిలినంక దానికీ విముక్తే" అనేది.

నేను తర్వాత చూసిన, చదివిన పొలుసుల కథలన్నిటినీ ఆ డాబా మీది చూపుతోనే చూశాను. తోడేలు మనిషి, రక్తం తాగే దొర, కుట్లు వేసిన శవం, వీటి గురించి హారర్ అభిమానులు ఎక్కువ మాట్లాడతారు. నా మనసు మాత్రం చల్లటి నెత్తురు వాళ్ళ మీదికే పోతుంది. బొచ్చున్న జంతువును చూస్తే మనిషికి దగ్గరితనం ఎలాగూ వస్తుంది. రెప్ప వేయని కన్నులో మనిషిని వెతకాలంటే చూసేవాడికి ఓపిక కావాలి.

*

పెట్టెలో దొరికిన ఆ అమెరికన్ పత్రిక పేరు 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్'. ఫారెస్ట్ జె. ఆకర్‌మాన్ సంపాదకత్వంలో 1958లో మొదలైంది. సినిమాల ఫొటోలు, తెర వెనక సంగతులు, మేకప్ రహస్యాలు. మాకు ఆ సినిమాలు చూసే వీలు లేదు. ఒక్కో ఫొటో చూసి మొత్తం సినిమా ఊహించుకునేవాళ్ళం. 'ది ఎలిగేటర్ పీపుల్' అని 1959 నాటి సినిమా ఉంది. మనిషి ఒళ్ళు, మెడ మీద మొసలి తల. ఆ ఒక్క ఫొటో మీద మామ ఒక వానాకాలమంతా కథ నడిపాడు. చాలా ఏళ్ళకు అసలు సినిమా చూశాను. విమాన ప్రమాదంలో నుజ్జయిన మనిషిని బతికించడానికి మొసళ్ళ నుంచి తీసిన మందు ఎక్కిస్తారు. పెళ్ళయిన రోజే రైల్లో టెలిగ్రాం అందుకుని, ఫోన్ చేసొస్తానని దిగిపోతాడు. ఇక తిరిగి రాడు. భార్య అతన్ని వెతుక్కుంటూ లూసియానా చిత్తడి నేలల దాకా పోతుంది. ఆమెగా బెవర్లీ గార్లాండ్ ఎంత నమ్మించిందంటే, చివర్లో ఆ మొసలి తల నాటకాల డబ్బాలోంచి తీసినట్టు ఉన్నా నాకు నవ్వు రాలేదు.

కిల్లర్ క్రాక్ మీద మామకు పెద్దగా మోజు ఉండేది కాదు. 1983లో బ్యాట్‌మాన్ కామిక్స్‌లోకి వచ్చాడు, అసలు పేరు వేలన్ జోన్స్. పుట్టుకతో వచ్చిన చర్మవ్యాధి, ఊరి పిల్లల రాళ్ళు, తిరునాళ్ళ డేరాల్లో మొసళ్ళతో కుస్తీలు పట్టి బతికిన బతుకు. ఆ గతం చెప్పినంతసేపూ బాగుంటుంది. తర్వాత వచ్చినవాళ్ళు కండలు పెంచారు, మనిషిని మరిచారు. మామ అట్ట చూసి "వీనికి అమ్మ లేదారా?" అని పక్కన పెట్టేశాడు.

*

వీడియో రోజులొచ్చాయి. మా వీధి చివర ఒక వీడియో లైబ్రరీ వెలిసింది. శనివారం సాయంత్రం టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు వేసేవాళ్ళం. ఆడవాళ్ళకు ఏఎన్నార్ సినిమా, పిల్లలకు విఠలాచార్య సినిమా, అందరూ నిద్రపోయాక మామకూ నాకూ ఒక ఇంగ్లీషు క్యాసెట్. తెర మీద పైనుంచి కిందికి తెల్లగీతలు జారుతుంటే మామ వెళ్ళి ట్రాకింగ్ పిడి తిప్పేవాడు.

అలా చూసిందే గాడ్జిల్లా. ఇషిరో హోండా తీసిన 1954 నాటి జపాన్ సినిమాకు అమెరికా వాళ్ళు రేమండ్ బర్ అనే నటుడి దృశ్యాలు అతికించి 1956లో విడుదల చేశారు. మాకు దొరికింది ఆ అతుకుల ప్రతి. అయినా ఆ అరుపు! ఈల కాదు, గర్జన కాదు, ఏదో పెద్ద గాయం తెరుచుకున్న చప్పుడు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే కాంట్రాబేస్ అనే పెద్ద వాయిద్యం తీగలను పైన్ చెట్టు జిగురు రాసిన తోలు గ్లౌజుతో లాగి ఆ ధ్వని పుట్టించాడట. పడుకున్న అమ్మమ్మ లేచి కూర్చుని, "ఎవలకేమైంది?" అని అడిగింది.

అసలు జపాన్ ప్రతి చూడటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి వెనక కథ తెలిసింది. 1954 మార్చిలో బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే ఆ బూడిద జపాన్ చేపల పడవ ఒకదాని మీద పడింది. అదే ఏడాది నవంబరులో ఈ సినిమా వచ్చింది. గాడ్జిల్లా చర్మం మీది గడ్డలకు హిరోషిమా, నాగసాకి బాధితుల ఒంటి మీది కాలిన మచ్చలు నమూనా. భవనాలు కూలుతుంటే గోడ పక్కన పిల్లల్ని పొదువుకుని కూర్చున్న తల్లి, నాన్న దగ్గరికి వెళ్ళిపోతున్నాం అని వాళ్ళకు చెప్పే దృశ్యం ఉంది. దాన్ని నేను రెండోసారి చూడలేకపోయాను.

గాడ్జిల్లా తొడుగు వేసుకుని నటించింది హారువో నకజిమా. తొడుగు బరువు దాదాపు 100 కిలోలు. స్టూడియో దీపాల వేడికి లోపల కొద్ది నిమిషాలు కూడా నిలబడటం కష్టమయ్యేది. నడక కోసం జంతుప్రదర్శనశాలకు వెళ్ళి ఏనుగులు, ఎలుగుబంట్లు ఎలా అడుగేస్తాయో చూసొచ్చాడు. 1972 దాకా ఆ బరువు మోశాడు. 2017లో పోయాడు. ఆ వార్త ఫోన్లో మామకు చెబితే, "నూరు కిలోలా? మన గోనె సంచులు రెండు" అన్నాడు. ఆదివారం సంచులు మోసిన భుజంతో ఆయన ఆ బరువును కొలుచుకున్నాడు.

అదే టీవీలో ఇంకోసారి 'ది రెప్టైల్' చూశాం. 1966లో హామర్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ళు తీసిన సినిమా. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ పల్లెటూరు, మనుషులు నల్లబడి నురగలు కక్కి చచ్చిపోతుంటారు. బోర్నియోలో సర్పారాధకుల రహస్యాలు తవ్విన పండితుడి మీద పగ అతని కూతురి మీద పడుతుంది. ఆ పిల్ల రాత్రుళ్ళు పామవుతుంది. ఆ అన్నా పాత్రలో జాక్వెలిన్ పియర్స్. అతిథుల ముందు ఆమె సితార్ వాయిస్తుంటే తండ్రి కోపం పట్టలేక దాన్ని విరగ్గొడతాడు. మామ ఆ ఒక్క దృశ్యాన్నీ వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు. "తప్పు తండ్రిది, చర్మం బిడ్డది" అన్నాడు. రోయ్ ఆష్టన్ చేసిన పాము మేకప్ ఇప్పుడు చూస్తే మొరటుగానే ఉంటుంది. ఆ పిల్ల చేతివేళ్ళు మాత్రం నాకు మొరటుగా అనిపించవు.

*

మామకు ప్రాణం మాత్రం నల్లమడుగు జీవి. 'క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్', 1954, జాక్ ఆర్నాల్డ్ దర్శకత్వం. చేపో, కప్పో, బల్లో తేల్చలేని రూపం. అమెజాన్ నదిలో తన మడుగులో తానున్న జీవి మీదికి పడవేసుకుని శాస్త్రజ్ఞులు వస్తారు. నీటి పైన తెల్ల ఈత దుస్తుల్లో అమ్మాయి ఈదుతుంటే, అడుగున పొట్ట పైకి తిప్పి ఆ జీవి ఆమెతో పాటే ఈదుతుంది. చెయ్యి చాచి ఆమె పాదాన్ని అలా తాకి, జంకి, వెనక్కి తీసుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో, అరిగిపోయిన టేపులో, ఆ నీళ్ళ వెలుతురు మా గోడ మీద కూడా ఆడింది.

నేల మీద ఆ తొడుగు వేసుకున్నది బెన్ చాప్‌మన్. నీళ్ళలో ఈదింది ఫ్లోరిడా కుర్రాడు రికూ బ్రౌనింగ్. తొడుగులో గాలి సిలిండర్ పట్టదు. వకుల్లా స్ప్రింగ్స్ అనే ఊటమడుగు అడుగున నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి నటించి, షాటు అయ్యాక పక్కన ఉంచిన గొట్టం అందుకుని గాలి పీల్చేవాడు. 2023లో, 93 ఏళ్ళ వయసులో పోయాడు. ఊపిరి కోసం తపించే జీవి పాత్రను నిజంగా ఊపిరి బిగబట్టిన మనిషి వేశాడు కాబట్టే అది అంత నమ్మకంగా ఉందని నా గట్టి అభిప్రాయం.

మూడో భాగం 1956లో వచ్చింది. అందులో జీవి ఒళ్ళు కాలిపోతుంది. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేయడం మొదలవుతాయి. మనుషులు దానికి బట్టలు తొడిగి కంచెలో పెడతారు. చివరికి బయటపడి సముద్రం ఒడ్డుకు వస్తుంది. నీళ్ళలోకి దిగితే బతకలేదు, వెనక్కి వస్తే చోటు లేదు. విమర్శకులు మొదటి భాగాన్నే మెచ్చుకుంటారు. నేను మూడోదాన్ని దాని పక్కనే పెడతాను.

ఆ రూపాన్ని గీసింది ఎవరో మాకు చాలాకాలం తెలియదు. పుస్తకాల్లో యూనివర్సల్ స్టూడియో మేకప్ విభాగం పెద్ద బడ్ వెస్ట్‌మోర్ పేరే ఉండేది. గీసినావిడ మిలిసెంట్ పాట్రిక్. స్టూడియో ఆమెను ప్రచారం కోసం ఊరూరా తిప్పింది. ఆమెకు పేరొస్తోందని వెస్ట్‌మోర్ కన్నెర్ర చేశాడు, ఆ తర్వాత ఆమెకు అక్కడ పని లేకుండా పోయింది. తెర మీద ఆమె పేరు పడలేదు. ఈ సంగతి చదివిన రోజే మామకు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన ప్రెస్ పని మానేశాడు, ఆదివారం బజారు మానలేదు. అంతా విని, "పైసలన్న సక్కగ ఇచ్చిన్రా ఆమెకు?" అని అడిగాడు. పేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు.

తర్వాత నేను హైదరాబాద్ వెళ్ళిన ఆదివారం ఆబిడ్స్‌లో చూస్తే, ఆ జీవి అట్టతో ఉన్న పత్రిక ఇంకో ప్రతి రోడ్డు వైపు వరసలో ఉంది. బొమ్మ కింద తెల్లటి చోట నీలం బాల్‌పెన్నుతో, బైండింగు పుస్తకాల వీపు మీద రాసే ఆ గుండ్రటి తెలుగు అక్షరాలతో మామ 'మిలిసెంట్ పాట్రిక్' అని రాశాడు. కళ్ళద్దాలాయన ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని, పిచ్చిరాత రాసి పాడుచేశారు, ధర తగ్గించండి అన్నాడు. "పిచ్చిరాత కాదు సార్, బొమ్మ గీసినామె పేరు" అన్నాడు మామ. ఆయన మళ్ళీ తగ్గించమన్నాడు. మామ పత్రిక ఆయన చేతిలోంచి తీసుకుని తన సంచి కింద పెట్టుకున్నాడు. "ఇది అమ్మేది కాదు, వేరేది చూసుకోన్రి" అన్నాడు.